ఆగస్టులో అందరికీ సున్నాలే

2022 ఆగస్టు 27, శనివారం సాయంత్రం. డెట్రాయిట్ శివారులో కొన్ని తెలుగు కుటుంబాలు నెలకోసారి కలుసుకునే చోట ఒక ఆటోమొబైల్ ఇంజనీరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసెయ్యలేదు.

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇక్కడ పోతన పద్యాలు విన్నాం. అంతకుముందు నెల షుగర్ వ్యాధి మీద డాక్టరుగారు భయపెట్టి వెళ్లారు. ఈ నెల నా వంతు. మన ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డెట్రాయిట్ లయన్స్ గురించి మాట్లాడతానని వాట్సాప్‌లో పెట్టగానే బాబాయిగారు ఫోన్ చేశారు. అదుగో, ముందు వరసలోనే ఉన్నారు. "ఓడిపోయేవాళ్ల గురించి గంటసేపు ఏం చెప్తావురా అబ్బాయ్?" అన్నారు. బాబాయిగారూ, గెలిచేవాళ్ల గురించైతే పది నిమిషాలు చాలండి. గంట కావాల్సింది ఓడేవాళ్లకే.

ఈ శనివారమే ఎందుకు పెట్టుకున్నానో ముందు చెప్తాను. రేపు పిట్స్‌బర్గ్‌లో లయన్స్‌కి ఆఖరి ప్రీసీజన్ ఆట. అంటే లెక్కలోకి రాని ఆట. ఎల్లుండి సోమవారం. మంగళవారం సాయంత్రం నాలుగింటికల్లా జట్టులో ఉన్న 80 మందిలో 27 మందిని తీసెయ్యాలి. బుధవారం వినాయక చవితి. ఆ పై వారం కాక మరుసటి వారం, సెప్టెంబరు 11న, మన సొంత మైదానం ఫోర్డ్ ఫీల్డ్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో అసలు ఆట. ఇవాళ్టికి లీగులో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, ఉన్న 32 జట్లకీ గెలుపులు సున్నా, ఓటములు సున్నా. ఆగస్టులో అందరికీ సున్నాలే. మిషిగన్‌లో మనకి ఏడాది మొత్తమ్మీద కాస్త మనశ్శాంతి ఉండేది ఈ నెలలోనే.

ఆట తెలియనివాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి, సిగ్గేం లేదు. అబ్బో, సగం మంది. సరే, రెండు ముక్కల్లో చెప్తాను. బంతి చేతిలో ఉన్న జట్టుకి పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు ఛాన్సులు. పోతే మళ్లీ నాలుగు. పోకపోతే బంతి అవతలివాళ్లకి. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. పేపర్లో ఫోటో అతనిదే పడుతుంది. పరిగెత్తి పట్టుకునేవాళ్లు రిసీవర్లు. చొక్కాలు అమ్ముడయ్యేది వాళ్లవి. వీళ్ల ముందు ఐదుగురు గోడలా నిలబడతారు. ఒక్కొక్కడు 300 పౌండ్ల పైమాటే. వాళ్లే లైన్‌మెన్. మా తెనాలి వైపు చెడుగుడులో కూతకెళ్లినవాడి పేరు ఊరంతా తెలుస్తుంది, వాడి కాలు పట్టి ఆపినవాడి పేరు వాడి తమ్ముడికి కూడా గుర్తుండదు. ఇదీ అంతే. నడిమధ్యవాడు ఒక్కడు తప్ప మిగతా నలుగురికీ బంతి ముట్టుకునే యోగం కూడా ఉండదు. క్వార్టర్‌బ్యాక్‌కి రెండున్నర, మూడు సెకన్లు సంపాదించి పెట్టడమే వాళ్ల పని. ఈ ఐదుగుర్నీ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తారు.

ఇప్పుడు మన జట్టు ఆగస్టుల సంగతి. కొత్త సీజనుకి సిద్ధమయ్యే రోజుల్లో ఈ జట్టుకి జరిగినన్ని వింతలు ఇంకెవరికైనా జరిగాయా అని నాకు అనుమానం.

మొదటిది 1957. అప్పటికి లయన్స్ అంటే సామాన్యమైన జట్టు కాదు. 1952లో ఛాంపియన్లు, 1953లో ఛాంపియన్లు. కోచ్ బడ్డీ పార్కర్. ఆగస్టులో అభిమానులకి జట్టుని పరిచయం చేసే విందు పెట్టారు. ఊళ్లో పెద్దలంతా వచ్చారు. పార్కర్ మైకు దగ్గరికి వెళ్లి, ఈ జట్టుని అదుపులో పెట్టడం నా వల్ల కాదు, నేను మానేస్తున్నాను అని చెప్పి దిగిపోయాడు. విందులో! సీజను ముందు! మన పెళ్లిలో పురోహితుడు మంగళసూత్రం పళ్లెంలో పెట్టి, ఈ పెళ్లి నేను చెయ్యలేనండీ అని బస్సెక్కినట్టు. సహాయకుడు జార్జి విల్సన్ బాధ్యత తీసుకున్నాడు. ఆ ఏడాది ఏమైందనుకుంటున్నారు? గెలిచారు. డిసెంబరు 29న క్లీవ్‌లాండ్‌ని 59-14తో చితక్కొట్టి ఛాంపియన్లు అయ్యారు. అదే ఆఖరు. మరుసటి ఏడాది స్టార్ క్వార్టర్‌బ్యాక్ బాబీ లేన్‌ని పిట్స్‌బర్గ్‌కి ఇచ్చేశారు. అక్కడ కోచ్ ఎవరు? ఆ విందులో మైకు వదిలేసిన పార్కరే. పోతూ పోతూ లేన్ ఈ జట్టుని శపించాడని ఇక్కడి ముసలాళ్లు చెప్తారు. శపించాడో లేదో గానీ, 1958 నుంచి నిన్నటి సీజను దాకా 64 సీజన్లలో ప్లేఆఫ్‌లో, అంటే సీజను చివర కప్పు కోసం ఆడే ఆటల్లో, మనం గెలిచింది ఒకే ఒక్క ఆట. 1992 జనవరి 5న, డాలస్ మీద, 38-6. ఒక్కటి! మన హాల్లో సగం మంది అప్పటికి ఈ దేశమే రాలేదు.

రెండోది 1999. నేను డెట్రాయిట్‌లో దిగింది 1998లో. అప్పుడు ఆటలు పాంటియాక్‌లో, సిల్వర్‌డోమ్‌లో జరిగేవి. మా ఆఫీసులో ఒకాయన దగ్గర మిగిలిపోయిన టికెట్టుతో మొదటిసారి వెళ్లాను. నియమాలు ఒక్కటీ తెలియవు. కానీ 20 నంబరు చొక్కా వేసుకున్న పొట్టివాడు బంతి పట్టుకుంటే స్టేడియం అంతా లేచి నిలబడేది, నేనూ లేచేవాణ్ణి. బారీ శాండర్స్. పట్టుకోవడానికి ముగ్గురు మీద పడతారు, వాళ్ల చేతుల్లో గాలి మిగులుతుంది. అంతకు ముందు ఏడాది, 1997లో, ఒక్క సీజనులో 2,053 గజాలు పరిగెత్తాడు. 1998 అయ్యేసరికి, కెరీర్ మొత్తమ్మీద లీగు రికార్డుని అందుకోవడానికి ఇంకా 1,457 గజాలే కావాలి. మంచి సీజను ఒకటి చాలు. 1999 జూలై చివర, శిక్షణ శిబిరం రేపో మాపో మొదలవుతుందనగా, తను పుట్టిన ఊరు, కేన్సస్‌లోని విచిటాలో ఉన్న పత్రికకి ఒక ఫ్యాక్సు పంపాడు. ఇక ఆడను. ప్రెస్ మీట్ లేదు, కన్నీళ్లు లేవు, ఫ్యాక్సు! మన జట్టువాళ్లు తరవాత ఏం చేశారో తెలుసా? నువ్వు తీసుకున్న సంతకం డబ్బులో కొంత వెనక్కి కట్టు అన్నారు. కట్టించుకున్నారు కూడా. ఏళ్ల తరవాత కాల్విన్ జాన్సన్ రిటైరైనప్పుడూ అదే పని. ఇంటి ఇలవేల్పులాంటి ఇద్దరు ఆటగాళ్లు, ఇద్దరి దగ్గరా బాకీ వసూలు చేసుకున్న ఘనత మనది. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

మూడోది 2008. ఇది కాస్త నెమ్మదిగా చెప్పాలి. ఆ ఆగస్టులో లయన్స్ నాలుగు ప్రీసీజన్ ఆటలు ఆడి నాలుగూ గెలిచారు. నాలుగుకి నాలుగు! రేడియోలో పొద్దున్నే అదే మాట. మా క్యూబికల్స్‌లో అదే మాట. సెప్టెంబరులో అట్లాంటా వెళ్లారు. అట్లాంటాకి మ్యాట్ రయాన్ అని కొత్త కుర్రాడు, కాలేజీ నుంచి అప్పుడే వచ్చాడు. జీవితంలో అతను విసిరిన మొట్టమొదటి పాస్, 62 గజాల టచ్‌డౌన్, అంటే బంతి మన చివరి గీత దాటేసింది. మనవాళ్లు ఏప్రిల్ నుంచి చేసిన తయారీ అంతా ఒక్క పాస్‌లో తేలిపోయింది. అక్టోబరులో మినియాపొలిస్‌లో మన క్వార్టర్‌బ్యాక్ డాన్ ఓర్లావ్‌స్కీ తన ఎండ్ జోన్‌లో, అంటే మైదానం చివరి పట్టీలో, పరిగెత్తుతూ పరిగెత్తుతూ గీత దాటి బయటికి వెళ్లిపోయాడు. ఎవరూ తొయ్యలేదు. తనకే తెలియలేదు. అలా బయటికెళ్తే అవతలివాళ్లకి రెండు పాయింట్లు. ఆ రోజు ఎంతతో ఓడామో చెప్పనా? 12-10. సరిగ్గా ఆ రెండే. సీజను ముగిసేసరికి 0-16. పదహారు ఆటల సీజనులో పదహారూ ఓడిన మొదటి జట్టు మనదే.

డిసెంబరు 2008 అంటే ఈ గదిలో ఆటో రంగంలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కంపెనీలు వాషింగ్టన్ వెళ్లి చెయ్యి చాచిన రోజులు. ఆరు నెలలు తిరక్కుండా క్రైస్లర్, జీఎం రెండూ దివాళా పిటిషన్ వేశాయి. నేను అప్పుడు ఒక విడిభాగాల కంపెనీలో చేసేవాణ్ణి. పేరెందుకు. ఒక శుక్రవారం పదిన్నరకి మెయిలొచ్చింది, "ల్యాప్‌టాప్ తీసుకుని ఫలానా గదికి రండి" అని. మీటింగుకి ల్యాప్‌టాప్ తెచ్చుకోమంటే మామూలే కదా అని వెళ్లాను. గదిలో గోడవారగా అప్పటికే పదకొండు ల్యాప్‌టాప్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. నాది పన్నెండోది. ఇది ఎందుకు చెప్తున్నానో చివర్లో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత ఓడే జట్టు బాగుపడాలంటే దారేది? డబ్బా? డబ్బు అందరికీ ఒకటే. ఆటగాళ్ల జీతాలకి లీగు ఒక పరిమితి పెడుతుంది. ఈ ఏడాది జట్టుకి 208.2 మిలియన్ డాలర్లు. మన ఐపీఎల్‌లో పర్సు ఉంటుంది చూడండి, అలాంటిదే. తేడా ఎక్కడంటే, అక్కడ వేలం, ఇక్కడ డ్రాఫ్టు. కాలేజీ కుర్రాళ్లని వరసగా ఎంచుకుంటారు, ఏడు రౌండ్లు. ఎవరు ముందు? ఎక్కువ ఓడినవాడు ముందు. కప్పు గెలిచినవాడు చిట్టచివర. మనకి సామెత ఉంది కదా, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదు అని. ఇక్కడ వడ్డించేవాడు ఎవరివాడూ కాదు, కానీ కడబంతి నుంచే వడ్డన మొదలుపెట్టమని రూలు.

మరి 60 ఏళ్లుగా కడబంతిలో కూర్చుని ముందు వడ్డన తింటున్నాం కదా, మనకి ఒళ్లెందుకు రాలేదు?

ఏం వడ్డించుకున్నామో చూడండి. 2001లో మ్యాట్ మిల్లెన్‌ని తెచ్చి జట్టుకి అధ్యక్షుణ్ణి చేశారు. మంచి ఆటగాడు, టీవీ వ్యాఖ్యాత, కానీ జట్టు నడిపిన అనుభవం లేదు. 2003 మొదటి రౌండులో రిసీవర్ని తీసుకున్నాడు. 2004లో రిసీవర్ని తీసుకున్నాడు. 2005లో? మళ్లీ రిసీవర్నే. వరసగా మూడేళ్లు! విస్తట్లో అన్నం లేదు, పప్పు లేదు, మూడుసార్లూ జిలేబీయే. ఆయన ఏలుబడిలో 31 గెలిచాం, 84 ఓడాం.

నేను ఇంజనీర్ని కాబట్టి నా భాషలో చెప్తాను. జూలైలో రెండు వారాలు మన ప్లాంట్లు మూసి కొత్త మోడల్‌కి లైను మార్చుకుంటాం, అవునా? సరిగ్గా ఆ రోజుల్లోనే అలెన్ పార్కులో లయన్స్ శిబిరం మొదలవుతుంది. వాళ్లదీ లాంచే. షోరూముకి వెళ్లినవాడు రంగు చూస్తాడు, సీట్లు చూస్తాడు, తెర ఎంత పెద్దదో చూస్తాడు. ఎవడైనా కింద పడుకుని సబ్‌ఫ్రేమ్ వెల్డింగ్ చూస్తాడా? కానీ నాలుగో చలికాలానికి బండి నిలబడేది దాని మీదే. మనవాళ్లు ఇన్నేళ్లూ రంగు మార్చారు, తెర మార్చారు, డ్రైవర్ని మార్చారు. కింద తుప్పు మాత్రం అలాగే ఉంచారు.

అందుకే 2021 ఏప్రిల్‌లో డ్రాఫ్టు రోజున నేను టీవీ ముందు కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అప్పటికి జట్టు యజమాని పదవి షీలా ఫోర్డ్ హ్యాంప్ చేతికొచ్చి ఏడాది కాలేదు. వాళ్ల నాన్నగారు విలియం క్లే ఫోర్డ్, హెన్రీ ఫోర్డ్ మనవడు, 1963లో కొన్నారు ఈ జట్టుని. ఆవిడ కొత్త మేనేజర్ని తెచ్చారు, బ్రాడ్ హోమ్స్. కొత్త కోచ్‌ని తెచ్చారు, డాన్ క్యాంబెల్. మొదటి రౌండులో ఏడో నంబరు, అంటే ఎంచుకోవడంలో ఏడో వంతు, మనది. మనకెవరు దొరికారు? పెనే సూవెల్. అమెరికన్ సమోవాలో పుట్టిన కుర్రాడు, లైన్‌మన్! గోడలో ఇటుక. ఆ కుర్రాడు తమ దాకా మిగిలాడని తెలియగానే హోమ్స్ ఆ గదిలో పిడికిళ్లు బిగించి ఎగిరి గంతులేశాడు. వీడియో ఉంది, చూడండి. లైన్‌మన్ కోసం ఎగిరి గంతేసిన మేనేజర్ని ఈ ఊళ్లో నేను మొదటిసారి చూశాను. మా ఆవిడ అడిగింది, "ఎవరండీ, పెద్ద స్టారా?" అని. కాదు, పునాది అన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

స్టాఫర్డ్ సంగతి చెప్పకుండా ముందుకెళ్తే మీలో కొందరు కొడతారు. 0-16 ఓడినందుకు 2009లో మనకొచ్చిన మొదటి నంబరు ప్రసాదం క్వార్టర్‌బ్యాక్ మ్యాథ్యూ స్టాఫర్డ్. పన్నెండు సీజన్లు ఆడాడు. వేళ్లు విరిగినా ఆడాడు, భుజం పోయినా ఆడాడు. ప్లేఆఫ్‌కి మూడుసార్లు తీసుకెళ్లాడు, మూడూ పోయాయి. 2021 మొదట్లో నన్ను వదిలెయ్యండి అన్నాడు. లాస్ ఏంజిలిస్ రామ్స్‌కి ఇచ్చి, వాళ్ల దగ్గర జారెడ్ గాఫ్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని, రెండు మొదటి రౌండు నంబర్లని, ఒక మూడో రౌండు నంబరుని తీసుకున్నారు. స్టాఫర్డ్ అక్కడ మొదటి ఏడాదే సూపర్ బౌల్, అంటే లీగు కప్పే, గెలిచాడు. ఈ ఫిబ్రవరిలోనే కదా. మన వీధిలో జనం ఏడ్చారా? లేదు, సంబరపడ్డారు. ఇక్కడ ఇన్నేళ్లు కష్టపడ్డ పిల్ల అత్తారింట్లో సుఖపడిందన్నట్టు చూశారు. ఇందులో చిన్న తమాషా ఉంది. రామ్స్ గెలిచారు కాబట్టి వాళ్లు మనకిచ్చిన మొదటి రౌండు నంబరు చిట్టచివరిదైపోయింది, 32. పిల్ల సుఖపడింది, మనకొచ్చే కన్యాశుల్కం తగ్గింది.

ఇక నిరుడు. నిరుడు ఎంతమంది మొత్తం సీజను చూశారు? నాతో కలిపి నలుగురా. ధన్యులు. 3 గెలుపులు, 13 ఓటములు, 1 టై. ఆ అంకె మాత్రం చూస్తే పాత కథే. కానీ లోపలికెళ్లి చూడండి. సెప్టెంబరులో బాల్టిమోర్ మీద గెలిచేశాం అనుకున్నాం. ఆఖరి క్షణంలో వాళ్ల జస్టిన్ టక్కర్ గోలు కమ్మీల మధ్యకి 66 గజాల నుంచి బంతి తన్నాడు. అప్పటిదాకా అంత దూరం నుంచి లీగు చరిత్రలో ఎవరూ కొట్టలేదు. బంతి అడ్డకమ్మీకి తగిలింది. తగిలి ఎటు పడాలి? ఇటు పడొచ్చుగా? అటు పడింది. 19-17. రెండు వారాల తరవాత మిన్నసోటాతో మళ్లీ చివరి క్షణంలో ఫీల్డ్‌గోల్, అంటే అలాంటి తన్నే, మళ్లీ 19-17! ఆ రోజు ప్రెస్ ముందు క్యాంబెల్ కళ్లు తుడుచుకున్నాడు. ఉద్యోగంలో చేరిన రోజు మోకాలిచిప్పలు కొరుకుతాం అని మాట్లాడి నవ్వులపాలైన మనిషి. టెక్సాస్ మనిషి, ఆరడుగుల ఐదంగుళాలు. ఇంకో సంగతి తెలుసా? 2008లో ఆ 0-16 జట్టులో అతనూ ఆటగాడే. మూడు ఆటలాడి దెబ్బ తగిలి కూర్చున్నాడు. అంటే ఈ ఇంట్లో కప్పు ఎక్కడ కారుతుందో అతనికి తెలుసు.

డిసెంబరు దాకా ఒక్క గెలుపు లేదు. నవంబరు 30న ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో కాల్పులు జరిగాయి. నలుగురు పిల్లలు పోయారు. మన ఓక్లాండ్ కౌంటీయే. ఆ వారం మన ఇళ్లల్లో పిల్లల్ని బడికి పంపాలంటే ఎలా ఉండిందో నేను చెప్పక్కర్లేదు. ఆ ఆదివారమే, డిసెంబరు 5న, ఫోర్డ్ ఫీల్డ్‌లో మిన్నసోటాతో ఆట. హెల్మెట్ల మీద ఆక్స్‌ఫర్డ్ గుర్తు అంటించుకున్నారు. ఆ ఆటలో ఆఖరి ఛాన్సు, గడియారంలో సున్నా, గాఫ్ విసిరాడు, అమన్-రా సెయింట్ బ్రౌన్ ఎండ్ జోన్‌లో పట్టాడు. 29-27. మొదటి గెలుపు. ఆట అయ్యాక క్యాంబెల్ తన మాటలేమీ చెప్పుకోకుండా ముందు ఆ పిల్లల పేర్లు చదివాడు. గెలుపు బంతి ఆక్స్‌ఫర్డ్‌కి ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఈ కోచ్‌ని చూసి నేను నవ్వడం మానేశాను.

ఆ సెయింట్ బ్రౌన్ గురించి ఒక్క మాట. నాలుగో రౌండులో, 112వ నంబరుకి దొరికాడు. తనకంటే ముందు 16 మంది రిసీవర్లని తీసుకున్నారు. ఆ 16 మంది పేర్లూ ఇప్పటికీ వరసగా అప్పజెప్తాడు. మనకి చిన్నప్పుడు తెలుగు సంవత్సరాల పేర్లు వచ్చేవి చూడండి, ప్రభవ విభవ అంటూ, అలా.

ఈ నెల మొదట్లో అలెన్ పార్కులో జనాన్ని లోపలికి వదిలిన రోజు మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. పొద్దున ఎనిమిదిన్నరకే ఎండ. అమ్మాయి ఎయిడన్ హచిన్సన్‌ని చూడాలంది. మన పక్క ఊరు ప్లిమత్ కుర్రాడు, మిషిగన్ యూనివర్సిటీలో చదివాడు, ఈ ఏడాది రెండో నంబరుకి మనకొచ్చాడు. జనమంతా అటే. నేను మెల్లగా ఇంకో మూలకి జరిగాను. అక్కడ లైన్‌మెన్ ఉన్నారు. ఇనప బండి ఒకటి, దానికి వరసగా మందపాటి దిండ్లు. ఐదుగురు వంగి కూర్చుంటారు, కోచ్ కేక వేస్తాడు, ఐదుగురూ ఒకేసారి గుద్దాలి. ఒకేసారి గుద్దితే ఒక్కటే చప్పుడు, ధబ్! ఒకడు రవ్వంత ఆలస్యమైతే చప్పుడు రెండుగా వస్తుంది, బండి వంకర తిరుగుతుంది. కోచ్ బండిని చూడట్లేదండీ, చప్పుడు వింటున్నాడు. రెండు చప్పుళ్లు వస్తే మళ్లీ మొదటి నుంచి. ఇరవై నిమిషాలు నేను కదల్లేదు. మా ప్లాంటులో పాతకాలపు ఫోర్‌మన్ ఒకాయన తలుపు వేసి, చప్పుడు విని, అతుకు సరిగా లేదు అనేవాడు. ఆయన గుర్తొచ్చాడు. పక్కనే నిలబడ్డ ముసలాయన, నెరిసిన గడ్డం, 20 నంబరు చొక్కా, నా వైపు తిరిగి, "అందరూ అటుంటే నువ్విటున్నావేం?" అన్నాడు. మీరెందుకున్నారు అన్నాను. నవ్వాడు.

టీవీలో చూస్తున్నారా? ఈసారి హెచ్‌బీఓ వాళ్లు మన శిబిరంలో కెమెరాలు పెట్టారు. మంగళవారం మంగళవారం వస్తోంది. క్యాంబెల్ ఆటగాళ్లతో పాటు తనూ నేలకి పడి లేచే కసరత్తు చెయ్యడం, జమాల్ విలియమ్స్ అనే ఆటగాడు నిరుటి గెలుపోటముల లెక్క తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకోవడం, అన్నీ చూపించారు. మా అమ్మాయి ఆ ఒక్క ఎపిసోడ్‌తో ఈసారి కప్పు మనదే అంది. నేను చెప్పాను, తల్లీ, కన్నీళ్లకి పాయింట్లు ఇవ్వరు. 2008లో కూడా ఆగస్టులో అందరూ మంచివాళ్లే, అందరూ కష్టపడ్డవాళ్లే. నాకు ధైర్యం ఇచ్చింది వేరే. మాల్కమ్ రోడ్రిగెజ్ అని ఆరో రౌండు కుర్రాడు, 188వ నంబరు. పొట్టిగా ఉన్నాడని అందరూ వదిలేశారు. శిబిరంలో పెద్ద పెద్ద లైన్‌మెన్‌ని తప్పించుకుని, మొదటి జట్టులో ఆడించక తప్పని పరిస్థితి తెచ్చాడు. పై నంబరువాడికి దొరికిన మర్యాద కింది నంబరువాడికీ దొరుకుతోందంటే ఆ ఇంట్లో లెక్క సరిగా ఉందని నా నమ్మకం. కోచ్‌ల్లో చాలామంది పాత ఆటగాళ్లే. ఆరో రౌండు అంటే ఏంటో తెలిసినవాళ్లు.

మంగళవారం దగ్గరికొద్దాం. శిబిరం 90 మందితో మొదలైంది. 16వ తేదీకి 85 చేశారు. 23కి 80. ఈ మంగళవారం 53. వెళ్లిపోయినవాళ్లలో కొందర్ని మళ్లీ పిలిచి 16 మందితో ప్రాక్టీసు జట్టు పెట్టుకుంటారు, మిగతావాళ్లు ఇంటికే. ఎలా చెప్తారో తెలుసా? ఆఫీసువాడు ఒకడు వస్తాడు. ఆటగాళ్లు వాడికి 'టర్క్' అని పేరు పెట్టుకున్నారు. వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "కోచ్ పిలుస్తున్నాడు, ప్లేబుక్ తీసుకుని రా" అంటాడు. అంతే. ప్లేబుక్ అంటే జట్టు ఎత్తులన్నీ ఉండే పుస్తకం. ఇప్పుడు ట్యాబ్లెట్ అనుకోండి. అది తీసుకుని రమ్మన్నారంటే నువ్విక ఈ జట్టువాడివి కాదు. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. పదకొండు ల్యాప్‌టాప్‌లు.

అందుకే రేపటి ఆట చూడమంటున్నాను. లెక్కలోకి రాదు, నిజమే. హచిన్సన్ ఆడినా ఆడకపోయినా ఒకటే. కానీ నాలుగో క్వార్టర్ చూడండి. అందరూ ఛానెల్ మార్చేసే టైము. అప్పుడు మైదానంలో ఉండేవాళ్లలో చాలామందికి ఒంటి మీద ఆ చొక్కా ఉండటం అదే ఆఖరు. ఒక్కొక్కడు ఎలా గుద్దుతాడో చూడండి.

ఏంటి బాబాయిగారూ? ఈసారి ఎన్ని గెలుస్తారంటారా? ఇంత చెప్పాక అంకె చెప్పకపోతే వదలరా? సరే. డిఫెన్స్ మీద నాకు నమ్మకం లేదు. మొదటి రెండు నెలలు తిట్టుకుంటాం, అది ఖాయం. మధ్యలో ఎవరో ఒకరు కోచ్‌ని తీసెయ్యమంటారు. తీసెయ్యకపోతే ఏడు. గోడలో నడిమధ్యవాడు, సెంటర్ ఫ్రాంక్ రాగ్నో కాలివేలు ఈసారైనా సహకరిస్తే ఎనిమిది. అంతకంటే నన్ను లాగొద్దు, ఈ ఊళ్లో నేను 24 ఏళ్లుగా ఉన్నాను.

సెప్టెంబరు 11కి నా దగ్గర మూడు టికెట్లున్నాయి. పై అంతస్తు, లైన్‌మెన్ నెత్తి మీద నుంచి కనిపిస్తారు. నేనూ, మా అమ్మాయీ. మా ఆవిడ రానంది. మూడోది ఎవరికైనా కావాలంటే భోజనాల దగ్గర చెప్పండి. బాబాయిగారు కర్చీఫ్ వేసినట్టున్నారు, ఆయన కాదంటేనే మిగతావాళ్లకి. పులిహోర చల్లారిపోతోందట, పదండి.